ఉప్పునీటికి ఏ హెడ్డు?

స్పీడ్ బోటు ఇంజన్‌కు అల్యూమినియం హెడ్లా, ఇనుప హెడ్లా అంటే మేము ముందు అడిగేది ఒకటే: దాన్ని చల్లబరిచేది ఏ నీరు?

అమెరికాలో వాడే షెవర్లే బిగ్‌బ్లాక్ వీ8కి అల్యూమినియం జత వేస్తే ఇంచుమించు 30 కిలోలు తగ్గుతుంది. వేడినీ త్వరగా లాగేస్తుంది గనుక కంప్రెషన్ కాస్త పెంచుకోవచ్చు. అయితే సముద్రపు నీరే సూటిగా ఇంజన్‌లో తిరిగితే ఉప్పు దాన్ని లోలోపల తినేస్తుంది. ఇనుప బ్లాకు మీద బిగిస్తే మరీ త్వరగా. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది! గాస్కెట్ దగ్గర గుంటలు పడి, నీరు సిలిండర్‌లోకి దిగి, నడిసంద్రంలో ఇంజన్ ఆగుతుంది. మా సంఘంలో వేటకు వెళ్ళే కుటుంబాలున్నాయి. అలా ఆగడమంటే ఒడ్డున ఉన్నవాళ్ళకు ఎలా ఉంటుందో మాకు తెలుసు.

ఇనుమూ తుప్పు పడుతుంది, కానీ నిదానంగా. హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి, లోపల కూలెంట్ మాత్రమే తిరిగేలా చేసుకోగలిగితే అల్యూమినియం నిశ్చింతగా వేసుకోండి. అంత ఖర్చు పెట్టలేనివారు ఇనుమే వేయించండి. వేగం కాస్త తగ్గుతుంది.