దకు కొమ్ము

ఆయనకు యాభై దాటాయి. మెదడు కాండంలో పాన్స్ అనే చోట రక్తనాళం పూడుకుపోయింది. కాళ్లూ చేతులూ, నాలుకా పెదవులూ ఏవీ కదలవు. స్పృహ మాత్రం నిక్షేపంగా ఉంది. కనుగుడ్లు పైకీ కిందికీ తిరుగుతాయి, రెప్ప పడుతుంది. అంతే. లాక్డ్ ఇన్ సిండ్రోమ్ అంటాం.

మధ్యాహ్నమయ్యేసరికి ఆయన కళ్ల వెంట నీళ్లు కారేవి. ‘ఏడుస్తున్నారు డాక్టరు గారూ’ అనేది భార్య. ఇంత జరిగాక దిగులుండదా అని దిగులుకు మాత్ర రాశాను. వారం తర్వాత మోతాదు పెంచాను కూడా. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అడిగితే మాత్రం ఎలా చెబుతాడులే అనుకున్నాను.

మా స్పీచ్ థెరపిస్టు పుస్తకాల షాపులో అక్షరాల అట్ట కొనుక్కొచ్చింది, పిల్లల గోడకు తగిలించేది. పైకి చూస్తే ఔను, కిందికి చూస్తే కాదు. భార్యకు నేర్పించి పక్కన నిలబడింది.

‘ఏవండీ, అచ్చులా? క వరుసా? చ? ట? త?’

కళ్లు పైకి.

‘త? థ? ద?’

పైకి.

‘తలకట్టా? దీర్ఘమా? గుడా? గుడిదీర్ఘమా? కొమ్మా?’

పైకి.

దు. తర్వాత య వరుసలో ర. మళ్లీ ద. నాలుగైదు నిమిషాలు పట్టింది. దురద!

పక్కకు తిప్పి చూస్తే, రెక్సిన్ షీటు మీద ఉడికిపోయి వీపంతా చెమటకాయలు. షీటు తీసేసి దుప్పటి పరిచాం. మర్నాడు మధ్యాహ్నం కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ మాత్ర తగ్గిస్తూ వచ్చి మానిపించాను.

ఫ్రాన్సులో జాన్ డొమినిక్ బోబీ అనే పత్రికా సంపాదకుడికి 1995లో ఇదే జబ్బు చేసింది. ఎడమ కంటి రెప్ప ఆడిస్తూ ఏకంగా పుస్తకమే చెప్పి రాయించాడు. ఆయన కోసం ఫ్రెంచి అక్షరాలను ఎక్కువగా వాడేవి ముందుండేలా మార్చి పేర్చుకోవలసి వచ్చింది. మనకా అవస్థ లేదు. వర్గాలుగా పేర్చి పెట్టే ఉన్నాయి, వరుస దొరికితే అక్షరం దొరికినట్టే. కాకపోతే గుణింతం దగ్గర ఓపిక కావాలి. ఒత్తుల దగ్గర ఇంకాస్త.

మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కమ్యూనికేషన్ అంటే ఏమిటో విడమరిచి చెబుతుంది. బ్రెయిలీ, సైగల భాష, పెద్ద అక్షరాలు, తేలిక మాటలు, నోటి మాటకు బదులు వాడే పద్ధతులు అన్నీ అందులో ఉన్నాయి. ఆ లెక్కన మా అట్టకూ చోటుంది. నేనేమో సదరం సర్టిఫికెట్ల మీద ఎన్నో సంతకాలు పెట్టాను. వైకల్యం ఎంత శాతమో తేల్చడమే తప్ప ఈ మనిషితో ఎలా మాట్లాడాలో ఏ ఒక్కదాని మీదా రాసిన గుర్తు లేదు.

ఆ తర్వాతే, వినపడని ఒకమ్మాయి అన్నతో ఓపీకి వచ్చినప్పుడు, జబ్బేమిటో అన్నను అడగబోయి ఆగాను. బధిరుల పాఠశాల టీచరమ్మకు వీడియో కాల్ కలిపాం. ఆ అమ్మాయి సైగలతో చెప్పిన మొదటి మాట: ముందు మా అన్నను బయటకు పంపండి. ఇన్నాళ్లూ ఎంతమంది అన్నలు చెప్పింది రాసుకుని మందులిచ్చానో!

మళ్లీ ఆయన సంగతి. డిశ్చార్జికి ముందు కొడుకు కౌలు కాగితం, ఇంకు ప్యాడు పట్టుకొచ్చాడు. నాన్న వేలు పట్టుకుని ముద్ర వేయిస్తే సరిపోతుందని అతని ఉద్దేశం. చెడ్డవాడేం కాదు. తల్లి ఆపి, చదివి వినిపించమంది. ఆయన కళ్లు కిందికి దిగాయి. అట్ట తీసింది. ప వరుస, దీర్ఘం. త. మళ్లీ ప వరుస, మళ్లీ దీర్ఘం. చివరికి క, గుడిదీర్ఘం. పాత బాకీ.

కొడుకు తల్లి వైపు తిరిగాడు. ‘అదేంటమ్మా, వాడు నిరుటి కౌలు ఇవ్వలేదా?’