ద్రాక్షారామం దీపాలు

ద్రాక్షారామం చిన్న ఊరు. రామచంద్రపురం దాటి కాలవలూ వరిచేలూ చూసుకుంటూ పోతే కాసేపట్లోనే వస్తుంది. భీమేశ్వరుడి గుడి, సప్తగోదావరి గుండం, కొబ్బరికాయల దుకాణాలు, బస్సులు ఆగే చోటు: పైకి కనిపించే ఊరు ఇంతే. కాని యింత చిన్న ఊరికి యింత పెద్ద చరిత్ర అరుదు. ఆ చరిత్రను మనం ఎవరి వైపునుంచి చదువుతున్నామన్నదే నా ప్రశ్న.

స్థలపురాణం దక్షుడి యజ్ఞంతో మొదలవుతుంది. రాజుల చరిత్ర తూర్పు చాళుక్య భీముడితో మొదలవుతుంది. పంచారామాలలో ఒకటైన యీ గుడిని అతనే కట్టించాడంటారు. లింగం నిలువెత్తును మించింది గనుక గర్భగుడిని రెండంతస్తులుగా లేపారు; అభిషేకం పై అంతస్తునుంచి చేస్తారు. తరవాత చోళులు, గాంగులు, కాకతీయులు, రెడ్లు వచ్చారు. అందరి కాలపు శాసనాలూ యిక్కడ ఉన్నాయి. రాజమహేంద్రవరం రెడ్ల కాలంలో శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసి బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చాడు. తెలుగు చెప్పే మేము విద్యార్థులకు యీ ఊరిని ఆ కావ్యంలోంచే చూపిస్తాం. అందులో ఊరు అందంగా ఉంటుంది. ఆ అందం అబద్ధం కాదు. కాని అది సగం ఊరే.

మిగతా సగం రాళ్లమీద ఉంది. ఈ గుడిలో వందల శాసనాలున్నాయి. వాటిలో ఎన్నో అఖండదీపాల దానాలు. రాజో, రాణో, దండనాయకుడో, వర్తకుడో కొన్ని ఆవులనో గొర్రెలనో దేవుడికిస్తాడు. ఆ మందను ఒక బోయ, అంటే పశువులకాపరి, తన వశం చేసుకుని రోజూ యింత అని కొలిచి దీపానికి నెయ్యి పొయ్యాలి. తన తరవాత కొడుకులూ మనుమలూ పొయ్యాలి. సూర్యచంద్రులున్నంతకాలం సాగాలన్నది షరతు. పాలు తగ్గాయనో కరువొచ్చిందనో ఆగడానికి ఆ షరతులో చోటు లేదు. భక్తి అనే మాట కింద ఒక ఆర్థిక ఏర్పాటు ఉంది: మంద అసలు, నెయ్యి వడ్డీ. పుణ్యం దాతది, బాధ్యత కాపరిది. దాత పేరు కీర్తికోసం చెక్కారు. కాపరి పేరు బాకీకోసం చెక్కారు. చెక్కారు గనుకనే అతను మనకు తెలిశాడు.

తరవాతి కాలాలలో ఆ మాత్రమూ లేదు. ఊళ్లో ఒలందుదిబ్బ అనే చోట డచ్చివారి సమాధులున్నాయి. వాటిమీద 1675, 1728 సంవత్సరాలు కనిపిస్తాయి. వాళ్లు యీ తీరానికి బట్టలు కొనడానికి వచ్చారు. కొన్నవాళ్లకు రాళ్లు నిలిచాయి, నేసినవాళ్లకు నిలవలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, డెల్టా పచ్చబడింది. కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు లేచాయి. అందుకు ఆయన అర్హుడే. మరి కాలవలు తవ్వి మట్టి మోసిన కూలీల పేర్లు ఎక్కడ?

ఇది పాత కథ కాదు. 2022 ఏప్రిల్‌లో కొత్త కోనసీమ జిల్లా ఏర్పడి ద్రాక్షారామం అందులో చేరింది. ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చబోతే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు చేరింది, కాని ఎవరి పేరు ఎక్కడ రాయవచ్చు అన్న తగవు వెయ్యేళ్ల తరవాత కూడా తీరలేదని ఆ మంటలు చెప్పాయి.

ఈ శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. శ్రీనాథుణ్ణి మానమని నేననను. ఆయన పద్యం చెప్పిన రోజున ఒక దీపదాన శాసనం కూడా తరగతిలో చదవండి. గుడి వెలుగును వర్ణించిన కవితోపాటు ఆ వెలుగుకు నెయ్యి పోసిన బోయ పేరు కూడా విద్యార్థి నోట పలకాలి. తెలుగు సాహిత్యం చెప్పేవాళ్లుగా అది మన పనే.