గజపతినగరంలో జపాను ఊదుగొట్టం

విజయనగరం నుంచి సాలూరు పోయే రోడ్డు మీద, చంపావతి ఒడ్డున ఉన్న ఊరు గజపతినగరం. ఇక్కడ చూడదగ్గ వింతలేమున్నాయని అడిగితే ఊరివాళ్ళు నవ్వుతారు. నేను మాత్రం ఒక వంటింట్లోనే వింత చూశాను.

గ్యాసు పొయ్యి వచ్చాక అటకెక్కిన ఊదుగొట్టాన్ని దింపించి, ఆ ఇంటి పెద్దావిడ నా చేతికిచ్చారు. "మా మావగారు బర్మా యుద్ధం నుంచి తెచ్చారు బాబూ. జపాను తుపాకీ గొట్టమట. మనవడు నమ్మడు. పాత తుపాకులు ఎరిగినవారు కదా, ఏటంటారో చెప్పండి."

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డ నాటి నుంచీ ఈ సీమకు జపాను పేరు కొత్త కాదు. కాని పేరు వేరు, రుజువు వేరు.

గొట్టం రెండడుగుల లోపే ఉంది. జపాను వారి 1905 నాటి పొడుగు తుపాకీకి గొట్టం సుమారు 31 అంగుళాలు, బెజ్జం ఆరున్నర మిల్లీమీటర్లు. 1939 నాటి పొట్టి తుపాకీకి 26 అంగుళాలు, బెజ్జం 7.7. ఇది రెండో దానికి దగ్గర; కాని ఎవరో కోశారు. ఏ కొస? ఒక కొసన అంచు నున్నగా ఉంది, గురిచూసే బొడిపె కూర్చునే దిమ్మ చెక్కుచెదరలేదు. రెండో కొస నిండా రంపపు గీతలు. అంటే మూతి అసలుదే. తూటా పట్టే వెనకభాగం పోయింది.

"ఇంగ్లీషు తుపాకీ ఎందుక్కాకూడదండీ?" అన్నాడు మనవడు.

మంచి ప్రశ్నే. మన సిపాయిల లీ ఎన్‌ఫీల్డు బెజ్జమూ 7.7 మిల్లీమీటర్లే! గుడ్డతో మసి తీసి, గొట్టాన్ని కిటికీ వెలుగుకు పట్టాం. ఎన్‌ఫీల్డు గొట్టంలో సామాన్యంగా అయిదు గాడులు, ఎడమకు మెలితిరిగి ఉంటాయి. ఇందులో నాలుగే, అవీ కుడికి. పైగా లోపలంతా వెండిలాంటి మెరుపు. 1939 నమూనాకు తుప్పు పట్టకుండా జపానువారు వేసిన క్రోమియం పూత అది.

"జపానుదేనమ్మా" అన్నాను. మనవడు తల వంచుకున్నాడు. పెద్దావిడ కళ్ళు ఒత్తుకున్నారు.

సంతోషం వెనకే చిక్కూ చెప్పక తప్పలేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలూ ఆయుధాలే. పోలీసు స్టేషనులో చూపించి, వారు చెప్పినట్లు చెయ్యడం మంచిది.

"నమ్మిన రోజునే ఇచ్చెయ్యాలా?" అన్నాడు మనవడు.

పెద్దావిడ గొట్టం తీసుకున్నారు. "ఇచ్చేద్దాం లేరా. ముందు ఒక్కసారి పెరట్లో పొయ్యి రాజెయ్యనీ."