కోరంగి మడ అడవిలో

"చలికాలంలో బురద అడవి చూడడానికి అంత దూరం వెళ్ళాలా?" అన్నది మా ఆవిడ. నిజమే. ముషీరాబాదులో కాపురమున్నవాళ్ళకు బురద కొత్త కాదు. ఒక్క వాన కురిస్తే మా వీధిలోనే కావలసినంత!

కాని నా కారణం వేరు. మా నాయనమ్మకు మేనమామ ఒకాయన కాకినాడలో స్టీమరెక్కి రంగూను వెళ్ళి, మరి తిరిగి రాలేదు. ఇంట్లో అందరికీ ఆయన 'రంగూను తాత'. బర్మాలో మనవాళ్ళను 'కొరంగీలు' అని చులకనగా పిలిచేవారట. ఆ పేరుకు మూలమైన ఊరు చూడాలని నాకు చిన్ననాటి కోరిక.

రాత్రి సికింద్రాబాదులో గౌతమి ఎక్కి, మర్నాడు కాకినాడలో దిగాము. యానాం రోడ్డున కొంత దూరం పోతే చొల్లంగి. గోదావరి ఏడు పాయలలో తుల్య ఇక్కడ, ఆత్రేయ కోరంగి దగ్గర సముద్రాన్ని చేరుతాయని పెద్దల మాట. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందులో మనుష్యులు నడవడానికి బురదమీద చెక్కవంతెన కట్టారు.

వంతెనమీద కాలుపెట్టగానే ఎండ మాయమైంది. ఇరుపక్కలా మడచెట్లు. వాటి వేళ్ళు కొన్ని పెన్సిళ్ళు గుచ్చినట్లు బురదలోంచి పైకి నిలబడి ఉన్నాయి. ఉప్పుబురదలో గాలి ఆడదు గనుక చెట్టు ఆ వేళ్ళతో ఊపిరి తీసుకుంటుంది. తెల్లమడ ఆకు తిప్పి నాలుకకు తాకిస్తే ఉప్పన. చెట్టు తాగిన ఉప్పును ఆకులోంచి బయటికి నెట్టేస్తుంది. తిల్లచెట్టును మాత్రం ముట్టుకోవద్దన్నారు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమట.

పోటు తీసి నీరు వెనక్కి పోయింది. బురదమీద ఒంటిడెక్క పీతలూ, గెంతే చేపలూ తిరుగుతున్నాయి. ఎక్కడెక్కడి చలిదేశాలనుంచో వచ్చిన ఉల్లంకి పిట్టలు ముక్కులతో బురద గాలిస్తున్నాయి. బావురుపిల్లి కనిపిస్తుందేమోనని మా అమ్మాయి ప్రతి పొదలోకీ తొంగిచూచింది. ఆ దొరసాని రాత్రి గాని బయటకు రాదు.

వంతెన చివరంటా నడిచి పడవ ఎక్కాము. పడవ నడిపే అతను మడవైపు చెయ్యి చూపి, "తొంభై ఆరు తుఫానప్పుడు నేను కుర్రోణ్ణండి. గాలి మమ్మల్ని కొట్టింది గానండి, కెరటం ఊళ్ళోకి రాలేదండి. ఇదే అడ్డం నిలబడిందండి" అన్నాడు.

అలా నిలబడని రోజులూ ఉన్నాయి. ఒకప్పుడు కోరంగి ఓడలు కట్టే పెద్ద రేవు. 1789 డిసెంబరులో ఉప్పెన దాన్ని ముంచింది. కోలుకున్న ఊరిని 1839 నవంబరులో మరో తుఫాను తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు పోలేదు. మారిషస్‌లోనూ తెలుగువారిని ఆ పేరుతోనే పిలిచారు.

ఒక కొమ్మకు పొడుగాటి కాయలు వేలాడుతున్నాయి. ఉప్పుపొన్న. దాని గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తి, తర్వాత నీళ్ళలో రాలుతుంది. పోటుకు కొట్టుకుపోయి, బురద దొరికిన చోట నాటుకుంటుంది.

"రంగూను తాత కూడా ఎక్కడో నాటుకొని ఉంటాడా, నాన్నా?" అన్నది మా అమ్మాయి.

ఏం చెప్పను? ఆయన చివరి ఉత్తరం 1930లో వచ్చిందట. ఆ ఏడు మే నెలలోనే రంగూను రేవులో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య నెత్తురు పారింది.

అంతవరకూ చెంగు తలమీద కప్పుకొని చలికి ముడుచుకొని కూర్చున్న మా ఆవిడ మెల్లగా అడిగింది: "ఆయన పేరిట ఎవరైనా నువ్వులూ నీళ్ళూ వదిలారా?"

"తిథి తెలియదు గదా! ఎవరు వదులుతారు?" అన్నాను.

"తిథి తెలియనివాళ్ళకు అమావాస్య ఉందిగా. ఎల్లుండే చొల్లంగి అమావాస్య. రెండురోజులు ఆగుదాం" అన్నది.

తిరుగు టిక్కెట్లు మార్చుకున్నాము.