దూరపు కొండల పొగ

హవాయి పెద్ద దీవి మీదున్న మౌనా కేయా శిఖరం అక్షాంశం 19.8 డిగ్రీలు. మా ఆదిలాబాదుది 19.7. అంటే మా ఊళ్లో ఏ చుక్క ఎంత ఎత్తున కనిపిస్తుందో ఇక్కడా అంతే ఎత్తున కనిపించాలి. ధ్రువనక్షత్రం ఉత్తరాన ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల రాత్రుల్లో స్వాతి నడినెత్తి మీదుగా సాగుతుంది. దక్షిణాన నేలకు పది డిగ్రీల పైన త్రిశంకు చుక్కలు నిలబడతాయి. మా దగ్గర ఆ నెలలో రేగే దుమ్ము త్రిశంకును ఎప్పుడో గాని చూడనివ్వదు. పసిఫిక్ నడిమధ్యన, ప్రపంచంలోని మేటి టెలిస్కోపులు కొలువున్న కొండ మీద ఆ బాధ ఉండదు కదా అని, సాన్‌హోసేలో ఉంటున్న మా అమ్మాయితో కలిసి అమావాస్య చూసుకుని బయలుదేరాను.

దిగింది దీవి పడమటి ఒడ్డున, కైలువా-కోనాలో. ఆ సాయంత్రం సూర్యుడు నీళ్లను తాకకముందే ఎర్రబడి, వెలిసిపోయి, బూడిదరంగు తెరలో కలిసిపోయాడు. ఇక్కడివాళ్లు ఆ తెరను ‘వోగ్’ అంటారు. అది అగ్నిపర్వతం వదిలే పొగమంచు. దీవికి ఆగ్నేయాన ఉన్న కీలవేయా 2024 డిసెంబరు నుంచి ఆగి ఆగి లావా చిమ్ముతోంది. అది వదిలే సల్ఫర్ డయాక్సైడును ఈశాన్యపు గాలులు దక్షిణ కొస చుట్టూ తిప్పి తెచ్చి కోనా ఒడ్డున వదిలేస్తాయి. దారిలోనే అది సల్ఫేటు తుంపరలుగా మారిపోతుంది.

చీకటి పడ్డాక స్వాతి, చిత్త బాగానే వెలిగాయి. దక్షిణపు అంచు మాత్రం ఖాళీ. బైనాక్యులర్స్ పెట్టి చూసినా త్రిశంకు జాడ లేదు.

“బాపూ, గింత దూరం వచ్చింది ఈ పొగ చూసేటందుకేనా?” అంది అమ్మాయి.

“ఆగు బిడ్డా, రేపు పైకి పోతం గదా” అన్నాను.

నడినెత్తిన ఉన్న చుక్క వెలుగు మన కంటికి చేరాలంటే ఒక వాతావరణం మందాన్ని దాటాలి. ఇరవై డిగ్రీల ఎత్తున ఉంటే దాదాపు మూడింతలు దాటాలి. పది డిగ్రీల దగ్గర అది అయిదింతలకు మించుతుంది. అందుకే గాలిలో కలిసిన ఏ మలినమైనా ముందుగా దిగంతం దగ్గరి చుక్కలనే మింగుతుంది. తల పైకెత్తి చూసి ఆకాశం నిర్మలంగా ఉందనుకునేవాడికి ఈ నష్టం తెలియదు.

మర్నాడు ముందుగా కీలవేయా దగ్గరికే వెళ్లాం. హలేమావుమావు గుంత అంచున నిలబడితే ఎదురుగా నల్లటి లావా మైదానం, దాని పక్కన పొగ కక్కుతున్న రెండు నోళ్లు కనిపించాయి. గాలి మా వైపు తిరిగినప్పుడల్లా గంధకం ఘాటుకు గొంతు మండింది. ఈ గుంత ‘పేలే’ అనే దేవత ఇల్లని హవాయి ప్రజల నమ్మకం. కొందరు అంచున నిలబడి చేతులు జోడించి వెళ్తున్నారు. ఇంత పొగ పక్కనే పెట్టుకుని ఈ దీవి ఖగోళ శాస్త్రానికి రాజధాని ఎలా అయిందని అమ్మాయి అడిగింది. జవాబు సాయంత్రం దారిలోనే దొరికింది.

దీవి నడుమ మౌనా కేయా, మౌనా లోవా అనే రెండు మహా పర్వతాల మధ్య నుంచి పోయే రోడ్డు రెండు వేల మీటర్ల దాకా ఎక్కుతుంది. కింద వాన తుంపర, మధ్యలో దట్టమైన మబ్బు. ఒక మలుపు తిరిగేసరికి మబ్బు కాళ్ల కిందికి దిగిపోయి నీలాకాశం బయటపడింది. సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఇక్కడ చల్లటి గాలి మీద వెచ్చటి గాలి పొర పరుచుకుని ఉంటుంది. కుండ మీద మూకుడులా అది తేమను, మబ్బును, కీలవేయా పొగను కిందనే మూసి ఉంచుతుంది. ఆ పొగను నాలుగు రోజుల్లో వాన కడిగేస్తుంది. 4,207 మీటర్ల మౌనా కేయా శిఖరం దాకా అది ఎగబాకలేదు. ఆ మాటకొస్తే మౌనా కేయా కూడా అగ్నిపర్వతమే. చివరిసారి పేలి నాలుగు వేల ఏళ్లు దాటింది.

రోడ్డుకు దక్షిణాన మౌనా లోవా వాలు మీద 2022 నవంబరు, డిసెంబరు నెలల్లో పారిన లావా ఇంకా కొత్త తారులా నల్లగా ఉంది. అది ఈ హైవేకు మూడు కిలోమీటర్ల లోపున ఆగిపోయింది. పైనున్న వాతావరణ పరిశోధనశాల దారిని, కరెంటు తీగలను మాత్రం తెంచేసింది. గాలిలో బొగ్గుపులుసు వాయువును 1958 నుంచి కొలుస్తున్నది ఆ శాలే. అదే కాలం నుంచి సూర్యకాంతి గాలిని దాటి ఎంత చేరుతోందో కూడా అక్కడ కొలుస్తున్నారు.

నేను ఇంత దూరం రావడానికి ఆ కొలతల గీత కూడా ఒక కారణం. మామూలు రోజుల్లో ఆ గీత 93 శాతం దగ్గర చదునుగా సాగుతుంది. నలభై కిలోమీటర్ల దూరమైనా లేని కీలవేయా ఏళ్ల తరబడి పొగ కక్కినా దానికి చలనం లేదు. 1963లో బాలిలోని అగుంగ్, 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్, 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని పినటూబో పేలినప్పుడు మాత్రం గీతలో గుంతలు పడ్డాయి. చివరి రెండుసార్లు కాంతి సుమారు పదో వంతు తగ్గింది. మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. పినటూబో ఇక్కడికి ఎనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు. దూరపు కొండలు నునుపంటారు గాని, ఆకాశం విషయంలో దెబ్బ తీసేవి అవే.

కారణం పొగ ఎక్కే ఎత్తు. పినటూబో దాదాపు కోటిన్నర టన్నుల సల్ఫర్ డయాక్సైడును స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎగజిమ్మింది. అక్కడ వాన లేదు, కడిగే దిక్కు లేదు. బూడిద త్వరగానే రాలిపోతుంది. వాయువు మాత్రం కొన్ని వారాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలుగా మారి, భూమిని చుట్టేసి, రెండు మూడేళ్లు తేలుతుంది.

చీకటి పడే వేళకు మౌనా కేయా మీద 2,800 మీటర్ల ఎత్తున్న సందర్శకుల కేంద్రానికి చేరాం. హవాయి ప్రజలకు ఇది పవిత్ర గిరి. భారత్ కూడా భాగస్వామిగా ఉన్న ముప్పై మీటర్ల టెలిస్కోపు నిర్మాణాన్ని 2019లో వాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఆపారు. ఆ సంగతి తలుచుకుంటూ పైకి చూస్తే కొండను అతిథిగా తొక్కాలన్న ఎరుక కలుగుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా దక్షిణానికి తిరిగాం. త్రిశంకు నాలుగు చుక్కలూ స్పష్టంగా, ఎవరో లెక్కపెట్టి నిలబెట్టినట్టు ఉన్నాయి. దానికి ఎడమగా, కాస్త పైన ఒమేగా సెంటారీ గుచ్ఛం బైనాక్యులర్స్‌లో పిండిముద్దలా కనిపించింది. “మన ఊళ్లో కూడా ఇది ఇంతే ఎత్తుల ఉంటదా బాపూ?” అని అమ్మాయి రెండుసార్లు అడిగింది.

పినటూబో దెబ్బ మా ఊరికీ తగిలింది. 1992 డిసెంబరు 10 తెల్లవారుజామున సంపూర్ణ చంద్రగ్రహణం. పడమట వాలిన చంద్రుడు ఇటుక రంగుకు తిరుగుతాడని పిల్లలను బడి మేడ మీదికి పిలిచాను. తీరా గ్రహణం నిండేసరికి చంద్రుడు మసిబట్టిన మచ్చలా మిగిలాడు. గ్రహణ వేళ చంద్రుడికి రంగునిచ్చేది భూమి అంచు గాలిలోంచి వంగి వెళ్లే సూర్యకాంతి. దారిలో ఆమ్లపు తుంపరలుంటే ఆ కాంతి సగంలోనే పోతుంది. అగుంగ్ పేలిన ఏడాదే, 1963 డిసెంబరు 30 గ్రహణంలో చంద్రుడు దాదాపు కంటికి ఆనలేదు.

తిరుగు ప్రయాణం హొనొలులు మీదుగా. 1883 ఆగస్టు 27న క్రకటోవా పేలితే, దాని పొగ పడమటి దిశగా భూమిని చుట్టుకుంటూ సెప్టెంబరు 5కల్లా ఇక్కడికొచ్చింది. సూర్యుడి చుట్టూ అంచున ఎర్రమట్టి రంగున్న వలయాన్ని సెరెనో బిషప్ అనే పాదరీ ఈ ఊళ్లోనే గమనించి రాశాడు. ఇప్పటికీ దాన్ని బిషప్ వలయమే అంటున్నారు. అదే సెప్టెంబరులో మద్రాసువాళ్లు ఆకుపచ్చ సూర్యుణ్ణి చూశారు. అక్కడి ప్రభుత్వ ఖగోళవేత్త పోగ్సన్ ఆ సంగతిని నమోదు చేశాడు.

అగ్నిపర్వతం పేలిందన్న వార్త వస్తే చుక్కలు చూసేవాళ్లం అడగాల్సింది అది ఎంత దూరంలో ఉందని కాదు. పొగ ఎంత ఎత్తుకు పోయింది, అందులో గంధకం ఎంత అని అడగాలి. 2022 జనవరిలో పేలిన హుంగా టోంగా పొగ యాభై కిలోమీటర్లు దాటింది. గంధకం తక్కువ కావడంతో మన చుక్కలు బతికిపోయాయి. పరీక్షకు మన దగ్గరున్న పరికరం చంద్రుడే, ఖర్చు లేనిది. 2028 డిసెంబరు 31 రాత్రి తెలుగు నేల మీద సంపూర్ణ గ్రహణం కనిపిస్తుంది. గ్రహణం నిండిన వేళ చంద్రుడు రాగి రంగులో ఉన్నాడా, మసి రంగులో ఉన్నాడా చూసి రాసిపెట్టుకోండి. పై గాలి ఎంత శుభ్రంగా ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది.