భావనపాడు దారిలో జక్కవల జంట

జక్కవ అన్న మాట నాకు పిట్టకంటే ముందే పరిచయం. పొద్దు గూకగానే జక్కవల జంట విడిపోతుందనీ, చెరో గట్టునా కూర్చుని తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయనీ బడిలో తెలుగు మాస్టారు పద్యం చెబుతూ వివరించేవారు. ఆ పిట్ట ఎలా ఉంటుందని అడిగితే, తానూ చూడలేదన్నారు. జక్కవకే చక్రవాకమని మరో పేరు. సంగీతం నేర్చుకున్నవాళ్లు చక్రవాకాన్ని 16వ మేళకర్త రాగంగా ఎరుగుదురు. కావ్యాలు చదివినవాళ్లకు అది ఒక ఉపమానం. పక్షిగా ఎరిగినవాళ్లు మాత్రం మనలో బహు కొద్దిమంది.

అందుకే ఈ జనవరిలో టెక్కలి మిత్రుడు ఫోన్ చేసి, భావనపాడు దారిలో ఒక ఊరచెరువులో కావిరంగు బాతులు రెండు దిగాయని చెప్పగానే విశాఖలో పలాస బండి ఎక్కేశాను. తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడాలో దిగేసరికి గాలిలోనే ఉప్పు తెలిసింది. అక్కణ్ణుంచి ఆటో. రోడ్డుకు రెండు పక్కలా ఉప్పు మడులు, గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు రాశులు. మడుల్లో పొడుగు కాళ్ల ఉల్లంకి పిట్టలు తిరుగుతున్నాయి.

ఆటో అబ్బాయి తేలినీలాపురం చూస్తారా అని అడిగాడు. ఏటా చలికాలానికి అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ చుట్టుపక్కలవాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. వాటిని సైబీరియా పక్షులనడం అలవాటైపోయింది కానీ అవి మన దేశపు పక్షులే. హిమాలయాలు దాటి వచ్చేది నేను వెతుకుతున్న జక్కవ. లడఖ్, టిబెట్, మంగోలియా వైపు చల్లటి మైదానాల్లో, కొండ చరియల బొరియల్లో పిల్లల్ని లేపి, చలి ముదిరేసరికి దక్షిణానికి దిగుతుంది. ట్రాన్స్‌మీటర్ కట్టి వదిలిన జక్కవలు దాదాపు 6,800 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. ఒంటిరంగు భిక్షువుల వస్త్రాన్ని పోలి ఉంటుందని టిబెట్ బౌద్ధులు దాన్ని పవిత్రంగా చూస్తారు. ఒడిశాలో చిలికా సరస్సుకు ఏటా వస్తుంది. ఇంత కిందికి, ఒక చిన్న ఊరచెరువుకు రావడమే నాకు అపురూపం.

చెరువు చేరేసరికి మూడు దాటింది. తామరాకుల మధ్య బొల్లికోళ్లు, వాటికి ఎడంగా సూదితోక బాతులు ఓ ఇరవై. ఎంత వెతికినా కావిరంగు కనబడలేదు. ఎండ వాలుతుంటే అవతలి గట్టు మీద మట్టిపెళ్లలనుకున్నవి రెండు కదిలాయి. బైనాక్యులర్ ఎత్తాను.

దాల్చినచెక్క రంగు ఒళ్లు. తల మాత్రం వెలిసిపోయిన మీగడ రంగు. పెంపుడు బాతుకంటే పెద్దవి, నిటారైన నిలుపు. ఒకదాని మెడ చుట్టూ సన్నటి నల్లగీత లీలగా ఉంది, అది మగది. ఆడదాని ముఖం మరింత తెల్లన. మగది రెక్క చాచింది. ఆ కావిరంగు కింద అంత తెలుపు దాగి ఉందని నేను అనుకోలేదు. తెలుపు వెనక నలుపు, మధ్యలో ఆకుపచ్చ మెరుపు. ఏ పద్యమూ నాకు ఆ రెక్క గురించి చెప్పలేదు. చేతులు వణికాయి, మాస్టారు గుర్తొచ్చారు.

పశువులు తోలుకొస్తున్న తాత ఆగాడు. “ఏటి బాబూ, అంతసేపట్నుంచి ఏటి సూత్తన్నారు?”

“జక్కవల్ని తాతా.”

“అదా వాటి పేరు? మావు ఎర్రబాతులంటాం. నా సిన్నప్పుడు తంపరలోకి మందలుమందలు వొచ్చీవి. ఇప్పుడీ రెండే.”

తంపర అంటే ఇక్కడి పల్లపు నీటి భూమి. చేపకూ గడ్డికీ పిట్టకూ అదే ఆధారం. కాకరాపల్లి తంపరలో థర్మల్ కేంద్రం వద్దని జనం చేసిన పోరాటం 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులదాకా వెళ్లింది. భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవు మూలపేట పేరుతో 2023లో శంకుస్థాపనకు వచ్చింది. పని కావాలనేవారి మాటా నాకు అర్థమవుతుంది. కానీ తంపర ఒకసారి పూడిపోతే దాన్ని తిరిగి తవ్వి తెచ్చుకోలేం. ఈ మాట గట్టిగానే చెబుతాను.

చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చున్నాను. అవి విడిపోతాయేమోనని చూశాను. విడిపోలేదు. మసక చీకట్లో రెండూ కలిసే లేచి కోసిన వరిమళ్ల వైపు వెళ్లాయి. జక్కవలు రాత్రిళ్లే ఎక్కువగా మేస్తాయి. కాసేపటికి దూరాన ‘ఆంగ్, ఆంగ్’ అని ఒక పిలుపు, వెంటనే మరో చోటినుంచి జవాబు. మేతలో ఎడమై చీకట్లో ఒకదాన్నొకటి వెతుక్కునే ఈ గొంతులు వినే, కళ్లకు ఏమీ కనబడక, మన కవులు విరహం అల్లి ఉంటారని నాకు తోచింది. పిలుపు నిజమే. ఆ గొంతులో దిగులు నాకూ వినబడింది.

తెల్లారి మళ్లీ వెళ్లేసరికి రెండూ నీటి అంచున పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ముక్కు రెక్కలో దూర్చి నిద్రపోతోంది, రెండోది కాపలా. తాత పశువులతో గట్టెక్కి, వాటిని చూసి ఆగి, మందను వెనక్కి మళ్లించి చుట్టుదారిన నీళ్లకు తోలుకెళ్లాడు.