ఇంటికి వచ్చే చిలక

చిలకను పెంచుకోవాలనుకునేవారి బాధ్యతలో సగం, ఏ చిలకను తెచ్చుకోవాలో నిర్ణయించుకునే రోజునే తీరాలి. ఆ రోజు పొరపాటు జరిగితే తర్వాత ఎంత ముద్దుగా చూసుకున్నా అది పూడదు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఈ మాటకు మరింత బరువుంది. అక్కడ చిలక మీద మమకారం తరతరాలది. ఛత్తీస్‌గఢీలో దాని పేరు సువా. దీపావళి ముందు రోజుల్లో ఆడవాళ్లు వెదురు బుట్టలో వడ్లు పోసి, మట్టి చిలకను అందులో నిలబెట్టి, చుట్టూ వంగి తిరుగుతూ చప్పట్ల తాళానికి సువా నాచ్ ఆడతారు. పంజరంలో ఉన్న చిలక ఎవరింటిదైనా పిలుపు మాత్రం మిట్ఠూ. ఆ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువారి నోట అదే రామచిలక.

రాయ్‌పూర్ చెట్ల మీద ఎక్కువగా కనిపించేది ఈ రామచిలకే. మగదానికి మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగుల పట్టీ ఉంటుంది, ఆడదానికి ఉండదు. దీనికన్నా పెద్దది, భుజం మీద ఎర్ర మచ్చ ఉన్నది అలెగ్జాండ్రిన్ చిలక. సంతల్లో దాన్ని పహాడీ తోతా అంటారు. మూడోది పండిన రేగు రంగు తల ఉన్న చిన్న చిలక. ఈ మూడూ మన అడవుల పక్షులే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి రక్షణ కల్పిస్తోంది. పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం, అన్నీ నేరాలే. 2022 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ‘ఇది అడవిది కాదు, మా ఇంట్లోనే పొదిగింది’ అని అమ్మేవాడు చెప్పే మాట చట్టం ముందు నిలవదు.

2024 ఆగస్టులో ఛత్తీస్‌గఢ్ అటవీశాఖ చిలకల అమ్మకం మీద, పెంపకం మీద చర్యలు తీసుకోమని జిల్లాల అధికారులకు ఆదేశాలిచ్చింది. ఏళ్ల తరబడి మిట్ఠూతో బతికిన ఇళ్లలో గుబులు పుట్టింది. ఇళ్లల్లో ఇప్పటికే ఉన్న చిలకల సంగతి కేంద్రాన్ని అడిగి తేల్చుకుంటామని, అమ్మకాల మీద మాత్రం చర్యలు ఆగవని శాఖ తర్వాత వివరణ ఇచ్చింది. కొత్తగా పక్షిని తెచ్చుకోవాలనుకునేవారికి ఇందులో సందేహానికి తావు లేదు. పచ్చ చిలకను కొనకూడదు.

చట్టం ఎందుకింత గట్టిగా ఉందో తొర్ర దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. చలికాలం చివర నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా రామచిలక ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. సాధారణంగా నాలుగైదు. మూడు వారాలకు పైగా పొదిగితే కళ్లు తెరవని, ఈకలు లేని పిల్లలు బయటికొస్తాయి. అవి ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు పడుతుంది. పట్టేవాళ్లు వచ్చేది ఆ వారాల్లోనే. తొర్ర నోరు చిన్నదైతే ఉలితో వెడల్పు చేసి పిల్లల్ని లాగుతారు. దాంతో ఆ తొర్ర మరుసటి ఏడు గూటికి పనికిరాకుండా పోతుంది. బుట్టల్లో కుక్కి తీసుకెళ్లే దారిలోనే ఎన్నో పిల్లలు చనిపోతాయి. సంతలో నోరు తెరిచి అరిచే పిల్లను చూసి జాలిపడి కొన్నా, ఆ డబ్బు ఇంకో తొర్రకు ఉలి పెట్టిస్తుంది. పన్నెండేళ్లు చిలకను పంజరంలో పెట్టిన పూర్వజన్మ పాపానికే భక్త రామదాసు పన్నెండేళ్లు గోల్కొండ చెరలో ఉన్నాడని తెలుగువారు చెప్పుకుంటారు. ఆ కథ కల్పించినవారికి పంజరపు బాధ బాగా తెలుసు.

ఇంట్లో ఇప్పటికే పచ్చ చిలక ఉంటే భయపడి తలుపు తీసి వదిలేయడం దాని మేలు కాదు. చేతి తిండికి అలవాటు పడ్డ పక్షికి మేత వెతుక్కోవడం రాదు, గద్ద నుంచి, పిల్లి నుంచి తప్పించుకోవడం తెలియదు. అటవీశాఖ అధికారులకు చెప్పి వారి సలహా మీద నడుచుకోవడమే సరైన దారి.

చట్టం ఒప్పే చిలకలు విదేశీ జాతులవి, తరతరాలుగా మనుషుల మధ్యే పుట్టి పెరుగుతున్నవి. మొదటిసారి పెంచేవారికి అన్నిటికన్నా తగినది బడ్జరిగర్, వాడుకలో బడ్జీ. మన ఊళ్లలో చాలా దుకాణాలు దీన్నే ‘లవ్ బర్డ్స్’ అని అమ్ముతాయి. ఇది ఆస్ట్రేలియా పక్షి. జాన్ గూల్డ్ 1840లో దీన్ని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాక లోకమంతా పాకింది. బరువు 30, 40 గ్రాములు, ఆయుర్దాయం అయిదు నుంచి పదేళ్లు. ఆ తర్వాత చెప్పుకోవలసింది కాకటీల్. ఇదీ ఆస్ట్రేలియాదే. తలమీద కుచ్చు, బుగ్గమీద నారింజ చుక్క, నెమ్మది స్వభావం. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. చిన్నవే అయినా కొరుకుడెక్కువ. సన్ కన్యూర్ అరుపు గోడలు దాటుతుంది కనుక అపార్ట్‌మెంట్లకు తగదు. ఆఫ్రికన్ గ్రే తెలివిలో మేటి, అర్ధశతాబ్దం బతకగలదు. మొదటిసారి పెంచేవారు మోయగల బాధ్యత కాదది.

ఈ విదేశీ పక్షుల్లోనూ కొన్నిటికి కాగితం కావాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాల్లోని జాతులను ఇంట్లో ఉంచుకునేవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకావ్‌లకు ఇది తప్పదు. బడ్జీ, కాకటీల్ ఆ జాబితాల్లో లేవు. పెంపుడు జంతువుల దుకాణాలకు కూడా 2018 నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. కొనేవారు ఆ ధ్రువపత్రం చూపించమని అడగాలి, రసీదు తీసుకోవాలి.

పక్షిని ఎంచుకునేటప్పుడు కొంతసేపు దూరంగా నిలబడి చూడాలి. మనిషి దగ్గరికి రాగానే జబ్బు పక్షి కూడా ఒళ్లు సర్దుకుని కూర్చుంటుంది. బలహీనత బయటపడితే వేటగాడి కన్ను పడుతుందని దాని రక్తంలో ఉన్న భయం అది. ఆరోగ్యమైన పక్షి కళ్లు మెరుస్తుంటాయి, ముక్కు రంధ్రాలు పొడిగా ఉంటాయి, తోక కింద రెట్ట అంటుకుని ఉండదు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే, పగటి పూట ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే ఆ పక్షి వద్దు. బడ్జీకి ముక్కు మీది మెత్తని భాగం మగదానికైతే నీలంగా, ఆడదానికైతే గోధుమ రంగులో ఉంటుంది. లేత పిల్లకు నుదుటి చారలు ముక్కుదాకా దిగి ఉంటాయి, కంటిపాప చుట్టూ తెల్లని వలయం ఇంకా ఏర్పడి ఉండదు. తనంతట తాను గింజ ఒలిచి తినడం నేర్చిన పిల్లనే తెచ్చుకోవాలి. ఇంట్లో ముందే పక్షులుంటే కొత్తదాన్ని నెల రోజులు వేరే గదిలో ఉంచాలి.

గుండ్రని, ఎత్తయిన పంజరాలు చూపుకు బాగుంటాయి గానీ చిలక అడ్డంగా ఎగిరే పక్షి. ఒక జత బడ్జీలకు కనీసం రెండున్నర అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు కావాలి. ఊచల మధ్య అర అంగుళానికి మించి సందు ఉంటే తల ఇరుక్కుంటుంది. పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి జామ, వేప, నేరేడు కొమ్మలు రకరకాల లావుల్లో పెట్టాలి. చిలక పాదానికి ముందు రెండు వేళ్లు, వెనక రెండు. రోజంతా ఒకే లావు కర్రను పట్టుకుంటే అరికాలు పుండు పడుతుంది. పచ్చి కొమ్మ బెరడు ఒలవడం దానికి పనీ, ఆటా కూడా.

పంజరం మనిషి కంటి ఎత్తులో, ఒక పక్క గోడ ఆనుకుని, ఇంటిల్లిపాదీ తిరిగే గదిలో ఉండాలి. వంటింట్లో మాత్రం వద్దు. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగ మనిషికి తెలిసేలోపే పక్షి ప్రాణం తీస్తుంది. ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలితిత్తులు ఉన్న జీవి కనుక విషవాయువు దాని రక్తంలోకి త్వరగా చేరుతుంది. సాంబ్రాణి పొగ, అగరొత్తులు, దోమల కాయిల్ కూడా ఆ గదిలో వెలిగించకూడదు. పక్షిని బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి, నీళ్ల బకెట్లకు మూత పెట్టాలి.

రాయ్‌పూర్ ఎండ పెంపకందారుకు పెద్ద పరీక్ష. మే చివరలో తొమ్మిది రోజుల నౌతపా వేళ ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుతుంది. చిలక ఒంటి వేడే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి చెమట పట్టదు. బయటి గాలి ఒంటికన్నా వేడెక్కితే నోరు తెరిచి రొప్పడమే దానికి మిగిలే ముఖ్య మార్గం. రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతుంటే వెంటనే చల్లని గదిలోకి మార్చి, పాదాలు తడిపి, నీళ్లు అందుబాటులో పెట్టాలి. కూలర్ గాలి నేరుగా పక్షి మీద పడకూడదు. ఉదయం వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెడితే అదే మునిగి స్నానం చేస్తుంది. వానాకాలంలో గింజలకు బూజు పడుతుంది. బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది కనుక కొద్దికొద్దిగా కొని గాలి చొరని డబ్బాలో దాచాలి. చలికాలపు రాత్రి పంజరానికి మూడు పక్కలా దుప్పటి కప్పితే చాలు. అన్ని కాలాల్లోనూ పదీ పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి.

తిండిలో ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు గింజలతోనే సరిపెట్టడం. ఒట్టి గింజల్లో విటమిన్ ఎ, కాల్షియం దాదాపు ఉండవు. కొర్రలు, సామలు, అరికెలు పునాదిగా ఉండవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో కోదో, కుట్కీ పేర్లతో అమ్మేవి ఈ అరికెలు, సామలే. వాటికి తోడు మొలకెత్తిన పెసలు, మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము, ఉడికించిన చిలగడదుంప, జామ ముక్క రోజూ ఉండాలి. కాల్షియానికి సముద్రపు నురుగు అనే కటిల్‌ఫిష్ ఎముక ముక్కను ఊచలకు కడతారు. పచ్చిమిరపకాయను చిలక హాయిగా నమలడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. మిరప ఘాటును పసిగట్టే గ్రాహకం పక్షుల్లో ఆ పదార్థానికి స్పందించదు, అందుకే దానికి మంట తెలియదు. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లిపాయ, ఉప్పు వేసిన చిరుతిళ్లు, ఆపిల్ గింజలు పెట్టకూడదు.

గింజల గిన్నె దగ్గర ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చిలక గింజను ఒలిచి పప్పు తిని పొట్టును అదే గిన్నెలో వదులుతుంది. సాయంత్రానికి గిన్నె నిండుగానే కనిపిస్తుంది, లోపల ఉన్నదంతా పొట్టే. నిండు గిన్నె పక్కనే పస్తులున్న పక్షులున్నాయి. రోజూ పొట్టును ఊది, కొత్త గింజలు వేయాలి. నీళ్లు పొద్దున, సాయంత్రం మార్చాలి.

చిలక గుంపులో బతికే పక్షి. ఒంటరిగా రోజంతా వదిలేస్తే అరుపులు పెరుగుతాయి, కొన్ని తమ ఈకలు తామే పీక్కుంటాయి. ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో జతగా పెంచడమే న్యాయం. మొదటి వారం పంజరం పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడితే చాలు. తర్వాత చేతిలో కొర్ర కంకి పట్టుకుని తలుపు దగ్గర ఉంచితే, ఆకలి కంటే కుతూహలంతో అది ఒక్కో అడుగూ ముందుకేస్తుంది. వేలును పొట్ట కింద ఆనిస్తే ఎక్కుతుంది. భయపడి వెనక్కి వెళ్లిన రోజు అక్కడే ఆపాలి. బలవంతంగా పట్టుకున్న ఒక్క క్షణం వారాల నమ్మకాన్ని తుడిచేస్తుంది. మాటలు మగ బడ్జీ బాగా నేర్చుకుంటుంది. అమెరికాలో పక్ అనే బడ్జీ 1,728 మాటలు పలికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో ఏ భాష పిలుపు ఎక్కువ ఉత్సాహంగా వినిపిస్తే అదే దానికి ముందు వస్తుంది. మాట్లాడని చిలకలో లోపం ఏమీ లేదు.

జబ్బును ముందుగా పట్టిచ్చేది త్రాసు. వారానికోసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసిపెట్టుకోవాలి. బరువు పదో వంతు తగ్గితే ఆలస్యం చేయకూడదు. రెట్ట రంగు మారినా, తోక ఊగినా, పంజరం అడుగున కూర్చున్నా అంతే. పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్ ఎవరో జబ్బు రాకముందే కనుక్కోవాలి. రాయ్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని దుర్గ్‌లో, దావూ శ్రీ వాసుదేవ్ చంద్రాకర్ కామధేను విశ్వవిద్యాలయం కింద అంజోరా పశువైద్య కళాశాల ఉంది. చిలకల నుంచి మనుషులకు సిటకోసిస్ అనే జ్వరం సోకవచ్చు. ఎండిన రెట్ట ధూళి పీల్చడం దానికి ముఖ్య కారణం. పంజరం అడుగు కాగితాన్ని తడిపి తీయడం, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, పక్షి ముక్కుకు ముద్దు పెట్టకపోవడం, ఈ మూడూ పాటిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది.

చివరిగా లెక్కచూసుకోవలసింది కాలం. అయిదో తరగతి పిల్లకు కొనిచ్చిన కాకటీల్, ఆ పిల్ల ఉద్యోగంలో చేరేనాటికి కూడా బతికే ఉండవచ్చు. వేసవి సెలవులకు విశాఖ రైలెక్కినప్పుడు పక్షిని ఎవరు చూస్తారు, ఊరు మారితే ఎలా తీసుకెళ్తారు, పెద్దవాళ్లకు చేతకాని రోజున ఎవరికి అప్పగిస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే పంజరం కొనాలి. జవాబు దొరకని ఇంటికీ, పచ్చ చిలకే కావాలనిపించే మనసుకూ పెరట్లో ఒక జామచెట్టు సరిపోతుంది. నౌతపా రోజుల్లో దాని నీడన మట్టి మూకుడులో నీళ్లు పోసి, కొమ్మ చివరి కాయలు కోయకుండా వదిలితే రామచిలకలు వాటంతట అవే వస్తాయి. చిలక కొట్టిన కాయకే తీపి ఎక్కువని పల్లెల్లో అందరికీ తెలిసిన మాటే.